తడి వేరు, చెమ్మ వేరు



పోయిన నెల మన సంఘం కూడికలో భోజనాలయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "పెదనాన్నా, కొత్త ఇంట్లో మొక్కలు పెట్టుకున్నాను. ఆకుల కొసలన్నీ మాడిపోతున్నాయి. గాలిలో తేమ చాలదంటున్నారు. రోజుకి నాలుగుసార్లు స్ప్రే కొడుతున్నాను. అయినా అంతే. ఇంకేం చెయ్యమంటారు?" అని అడిగింది. "ముందు ఆ స్ప్రే మానెయ్యమ్మా" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. ఆ సందడిలో వివరంగా చెప్పలేకపోయినాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇక్కడ అందరికీ రాస్తున్నాను. కొంచెం పొడుగే. కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ముందే ఒక మాట. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు యాభై దాటినాక నేర్చుకున్నాను. పుస్తకాల తెలుగు నాకు రాదు. ఇంట్లో మాట్లాడేదే రాస్తాను. బళ్ళో మా సైన్సు వాద్యారు 'ఈరప్పదం' అని చెప్పిన దానికి తెలుగు మాట ఏమిటని నిఘంటువు చూస్తే 'ఆర్ద్రత' అని ఉంది. ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మా అవ్వ 'చెమ్మ' అనేది. నేనూ అదే అంటాను. ఎందుకంటే ఈ విషయం నాకు అర్థమయిందే ఆ మాట వల్ల.

మా తాతది నేత పని. సేలం పక్కన పల్లెలో ఇంటి లోపలే గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తారు. "ఎందుకు తాతా గుంటలో కూర్చుంటావు, పైన బల్ల వేసుకోవచ్చు కదా" అని చిన్నప్పుడు అడిగినాను. "మట్టి చెమ్మ నూలుకి తగలాలిరా, లేకపోతే పడుగు పటపటా తెగుతుంది" అన్నాడు. ఎండాకాలంలో తెల్లారకముందే నేత మొదలుపెట్టి, ఎండ ముదిరేసరికి ఆపేసేవాడు. మా అవ్వ గుంట చుట్టూ నేల మీద నీళ్ళు చిలకరించేది. అయితే ఒక్క చుక్క పడుగు మీద పడిందా, ఇంక తిట్లే. గంజి కరిగి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. "తడి వేరు, చెమ్మ వేరు" అని అవ్వ నాకు చెప్పింది ఆ మగ్గం పక్కనే.

మొక్కల విషయంలో మనం చేసే తప్పంతా ఇదే. అది చెమ్మ అడుగుతుంటే మనం తడి ఇస్తున్నాం.

ఇది నాకు ఊరికే తెలియలేదు. రెండు తీగలు చంపుకున్నాక తెలిసింది.

మా అమ్మ పుట్టిల్లు కావేరి గట్టున, పరమత్తి వేలూరు వైపు. తమలపాకుకి పేరున్న తావు. పెళ్ళయి వచ్చేటప్పుడు అమ్మ ఒక తీగ ముక్క తెచ్చి మా పెరట్లో బావి పక్కన నాటింది. మేము నీళ్ళు పోసుకునే చోటు, గిన్నెలు కడిగే చోటు అదే. పైన కొబ్బరి నీడ, పక్కన అవిసె చెట్టు. ఆ తీగకి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేసినట్టు నాకు గుర్తులేదు. ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ మొదటి ఆకులు దాని నుంచే. నా పెళ్ళి తాంబూలం కూడా. అమ్మ పోయినాక ఆ ఇల్లు అక్క వాటాకి వచ్చింది. నేను దక్షిణ రైల్వేలో 36 ఏళ్ళు గుమాస్తా పని చేసి, రిటైరై ఈరోడ్‌లో మూడో అంతస్తులో ఫ్లాట్ కొనుక్కున్నాను.

ఫ్లాట్‌లోకి రాగానే అక్క ఇంటి నుంచి ఒక తీగ ముక్క తెచ్చినాను. అందరూ చూడాలని హాల్లో, ఫ్యాను కింద పెట్టినాను. నెల తిరక్కముందే ఆకుల అంచులు మాడినాయి. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోసినాను. అంచులు ఇంకా మాడినాయి. ఇంకా పోసినాను. చివరికి తీగ వాలిపోతే పీకి చూసినాను. వేళ్ళు నల్లగా కుళ్ళి వాసన కొడుతున్నాయి. మరుసటి ఏడు ఇంకో ముక్క తెచ్చినాను. ఈసారి వీడియోలు చూసి తెలివిమంతుణ్ణి అయినాను కదా, స్ప్రే బాటిల్ కొన్నాను. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకోబోయే ముందు ఆకుల మీద కొట్టినాను. రాత్రంతా ఆకు తడిగా ఉండిపోయి నల్ల మచ్చలు వచ్చినాయి. అదీ పోయింది.

మూడో ఏడు చిత్తిరై నెలలో అక్క ఫోన్ చేసింది. "ఆవణిలో ఈ ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నార్రా పిల్లలు. పెరడు ఉండదు. తీగ కావాలంటే ఆలోపల వచ్చి తీసుకో. తర్వాత నన్ను అడగొద్దు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆకు అంగట్లో దొరకదా అంటే దొరుకుతుంది. కానీ అది మా అమ్మ చేత్తో నాటిన తీగ కాదు.

అప్పుడు గుర్తొచ్చింది పార్సెల్ ఆఫీసు. నా సర్వీసులో చానా ఏళ్ళు పార్సెల్ బుకింగ్‌లోనే గడిచినాయి. తమలపాకు గంపలు వచ్చేవి. వెదురు గంపలో అరటి పట్టలు పరిచి, ఆకు కట్టలు వరసగా పేర్చి, మళ్ళీ అరటి పట్టలు మూసి, వరిగడ్డి కప్పి తాడుతో బిగించి కట్టేవాళ్ళు. గడ్డి మీద మాత్రం నీళ్ళు చిలకరించేవాళ్ళు. తూకం వేస్తూ ఒక వ్యాపారిని అడిగినాను, "ఇంత ఎండలో పోతున్నాయి, లోపల ఆకు మీద కూడా కాసిన్ని నీళ్ళు పోయొచ్చు కదా" అని. "నీళ్ళు తగిలితే కుళ్ళిపోతుంది సార్, గాలి తగిలితే ఎండిపోతుంది. రెండూ తగలకూడదు" అన్నాడు. ఆ రోజు నవ్వి రసీదు రాసిచ్చినాను. ఆ మాట విలువ ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది. నా మొదటి తీగకి గాలి తగిలింది. రెండోదానికి నీళ్ళు తగిలినాయి.

గుమాస్తా బుద్ధి కదా, రిజిస్టర్ లేకపోతే నాకు ఏ పనీ సాగదు. కొన్ని వందల రూపాయల్లో చిన్న మీటరు దొరుకుతుంది. వేడిమి, చెమ్మ రెండూ చూపిస్తుంది. అది కొని, గళ్ళ నోటుబుక్కులో రోజుకి మూడుసార్లు రాసినాను. హాలు, పడకగది, పడమటి బాల్కనీ, వెనక వైపు బట్టలు ఉతికే చిన్న బాల్కనీ. మీరు కూడా ముందు చెయ్యాల్సింది ఇదే. మీటరు లేకుండా 'మా ఇంట్లో చెమ్మ లేదు' అనడం తూకం వెయ్యకుండా పార్సెల్‌కి చార్జి రాసినట్టే.

ఏప్రిల్లో ఒక రోజు లెక్క చెబుతాను. బాల్కనీలో పొద్దున 6 గంటలకి 26 డిగ్రీలు, 68 శాతం. మధ్యాహ్నం 2 గంటలకి 37 డిగ్రీలు, 38 శాతం. మీటరు చెడిపోయిందేమో అనుకున్నాను. చెడిపోలేదు. గాలిలో ఉన్న నీళ్ళు దాదాపు అంతే ఉన్నాయి. గాలి వేడెక్కితే దాని కడుపు పెద్దదవుతుంది, ఇంకా ఎక్కువ నీళ్ళు పట్టగలదు. ఉన్న నీళ్ళు ఆ పెద్ద కడుపులో ఎన్నో వంతు అనేదే ఈ శాతం. కడుపు సగం ఖాళీగా ఉన్న గాలి ఊరుకుంటుందా? దొరికిన చోటల్లా నీళ్ళు లాగుతుంది. ఆకు అడుగున కంటికి కనపడని కన్నాలు ఉంటాయి. వాటిలోంచి లాగుతుంది. వేళ్ళు పంపే నీళ్ళ కంటే ఆకులోంచి పోయే నీళ్ళు ఎక్కువైతే, చివరన ఉన్న కొసలకి అందవు. అవి ముందు మాడతాయి. అప్పుడు కుండీలో నీళ్ళు పోస్తే ఏం లాభం? వేళ్ళు ఒక హద్దు వరకే తాగగలవు. మిగిలిన నీళ్ళలో అవి ఊపిరాడక కుళ్ళిపోతాయి.

స్ప్రే సంగతి కూడా లెక్క వేద్దాం. 12 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది అనుకోండి. 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనమీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఒక్కో ఘనమీటరు గాలి ఎంత పట్టినా 30 గ్రాముల నీళ్ళే పట్టగలదు. అంటే ఆ గది గాలంతా కలిపి పట్టేది ఒక లీటరు పైచిలుకు. చెమ్మ 40 శాతం నుంచి 60కి పెంచాలంటే ఒక టంబ్లరు నీళ్ళు, 200 మిల్లీలీటర్లు చాలు. "ఇంతేనా!" అనిపిస్తుంది. కానీ కిటికీ తెరిచి ఉంది, ఫ్యాను తిరుగుతోంది. గదిలో గాలి గంటలో ఎన్నోసార్లు మారిపోతుంది. మారిన ప్రతిసారీ ఇంకో టంబ్లరు కావాలి. మీ స్ప్రే నాలుగుసార్లు నొక్కితే వచ్చేది ఒక చెంచా. అది కొన్ని నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరనిది ఆకు మీద నిలిచి బూజుకి దారి ఇస్తుంది. ఆకు మీద దుమ్ము పోగొట్టడానికి పొద్దున పూట తడిగుడ్డతో తుడవండి, అది మంచిది. చెమ్మ కోసం మాత్రం స్ప్రేని నమ్ముకోవద్దు.

ఈ లెక్క నుంచే దారి కూడా దొరుకుతుంది. నీళ్ళు కొంచెమే చాలు, కానీ గాలి నిలవాలి. పోసేది తక్కువ, కాపాడుకునేది ఎక్కువ. తమలపాకు తోటలో చేసేది ఇదే. మా అమ్మ ఊళ్ళో చూసినాను. తమిళంలో 'కొడిక్కాల్' అంటారు. అవిసె చెట్లు దగ్గర దగ్గరగా పెంచి, వాటి మీదికి తీగ పాకిస్తారు. పైన అవిసె నీడ, మధ్యలో కాలవల్లో నీళ్ళు, చుట్టూ గాలి తగలకుండా అరటి. బయట ఎండ మండుతున్నా లోపలికి అడుగు పెడితే వేరే ఊరికి వచ్చినట్టు ఉంటుంది. ఎవరూ ఆకుల మీద నీళ్ళు కొట్టరు.

కాబట్టి ఫ్లాట్‌లో చేయాల్సిన పనులు నా అనుభవంలో ఈ వరసలో ఉన్నాయి.

మొదటిది, తావు మార్చడం. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చెయ్యరు. ఫ్యాను కింద, ఏసీ గాలి నేరుగా తగిలే చోట, పడమటి ఎండలో పెట్టొద్దు. మా కొంగునాడులో ఇంకో శత్రువు ఆడిగాలి. పాలక్కాడు కనుమలోంచి దూసుకొస్తుంది. ఆడిగాలికి సన్నికల్లు కూడా కదులుతుందని తమిళ సామెత. పడమటి బాల్కనీలో ఎన్ని నీళ్ళు ఆవిరి చేసినా ఆ గాలి ఎత్తుకుపోతుంది. నా రిజిస్టర్ ప్రకారం మా ఇంట్లో మంచి తావు వెనక ఉన్న బట్టలు ఉతికే బాల్కనీ. స్నానాల గది కిటికీ దాంట్లోకే తెరుచుకుంటుంది. మా అమ్మ తీగకి బావిగట్టు ఎట్లాగో, ఫ్లాట్‌లో ఇది అట్లా. హాల్లో 40 చూపించిన పూట ఇక్కడ 50 చూపించేది. మొక్క అందానికి హాల్లో ఉండాలని మనకి ఉంటుంది. దానికి బతకాలని ఉంటుంది.

రెండోది, తోడు. మొక్క తాగిన నీళ్ళలో నూటికి 95 పాళ్ళకి పైగా ఆకుల్లోంచి గాలిలోకే వదిలేస్తుంది. తన కోసం ఉంచుకునేది చానా కొంచెం. అందుకని పది కుండీలు దగ్గరగా చేర్చి, గాలి కొట్టని మూలలో పెడితే, రోజూ మీరు పోసే రెండు మూడు లీటర్ల నీళ్ళు ఆ మూలలోనే మెల్లగా చెమ్మగా మారతాయి. ఇదే అసలు యంత్రం. నేను మధ్యలో తమలపాకుకి చోటు ఉంచి, చుట్టూ చేమ, కనకాంబరం, ఫెర్న్‌లు, మనీప్లాంట్ చేర్చినాను. గాలి వచ్చే వైపు ఆకుపచ్చ వల కట్టినాను. ఆ గుంపు లోపల 60కి అటూ ఇటూ చూపించింది. మరీ ఆకులు రాసుకునేంత ఇరికించొద్దు. ఒకదానికి పురుగు పడితే అన్నిటికీ పడుతుంది.

మూడోది, తడి ఇసుక. వెడల్పు పళ్ళెంలో ఇసుకో గులకరాళ్ళో పోసి, నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక ముక్క పెట్టి, దాని మీద కుండీ. కుండీ అడుగు నీళ్ళలో మునగకూడదు. ఒంటరిగా, గాలి ఆడే గదిలో ఈ పళ్ళెం చేసే మేలు చానా తక్కువ. మూలలో గుంపు కింద పెడితే కొంత మేలు. ఇంతకంటే మంచిది కుండీలో కుండీ. చిన్న మట్టి కుండీని పెద్ద మట్టి కుండీలో పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి ఆ ఇసుకని తడపాలి. మట్టి గోడలోంచి చెమ్మ ఊరుతుంది, వేళ్ళు చల్లగా ఉంటాయి. అయితే జాగ్రత్త, ఎక్కడా నీళ్ళు పైకి తేలి నిలవకూడదు. డెంగీ దోమ శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారైనా పళ్ళెం ఒంపి, ఎండబెట్టి మళ్ళీ పెట్టండి.

నాలుగోది, మూత. ఇది వేరు పట్టని కొత్త ముక్కలకి. 1829 ప్రాంతంలో లండన్‌లో వార్డ్ అనే డాక్టరు ఒక పురుగు గూడుని మట్టితో సహా గాజుసీసాలో వేసి మూత పెట్టినాడట. కొన్నాళ్ళకి చూస్తే ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. ఊళ్ళో పొగకీ పొడిగాలికీ బతకని మొక్క, మూత పెట్టిన సీసాలో బతికింది. లోపలి నీళ్ళు ఆవిరై, గాజుకి పట్టి, మళ్ళీ మట్టిలోకే దిగుతున్నాయి. దాన్ని చూసి ఆయన గాజు పెట్టెలు చేయించినాడు. 1833లో వాటిలో పెట్టిన మొక్కలు నెలల తరబడి ఓడలో పోయి సిడ్నీ చేరినాయి. చైనా నుంచి మన దేశానికి తేయాకు మొక్కలు వచ్చింది కూడా అట్లాంటి పెట్టెల్లోనే. మనకి గాజు పెట్టె అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్ళ క్యాను పాతది దొరికితే అడుగు కోసి, కుండీ మీద బోర్లించండి. రోజూ అరగంట తీసి గాలి తగలనివ్వండి. నేరుగా ఎండ పడే చోట పెట్టొద్దు, ఉడికిపోతుంది.

అన్నిటికంటే చివరిది, యంత్రం. మా కొడుకు బెంగళూరులో ఒకటి కొన్నాడు. కోడలికి ఆకుల మీద నెమలి ఈక మాదిరి గీతలుండే కలాథియా మొక్కలంటే ప్రాణం. అవి దక్షిణ అమెరికా అడవుల్లో, పెద్ద చెట్ల నీడలో పెరిగేవి. ఏసీ గదిలో వాటికి కష్టమే. ఏసీ చేసే పని ఏమిటి? గాలిలో ఉన్న చెమ్మని చల్లటి గొట్టాల మీద నీళ్ళుగా మార్చి బయటికి పంపేస్తుంది. గోడ వెనక బకెట్టులో పడేది అదే. ఒక యంత్రం చెమ్మ బయటికి లాగుతుంటే, ఇంకో యంత్రం లోపలికి ఊదుతోంది. రెంటికీ కరెంటు మనమే కట్టాలి. "మామయ్యా, మీరు దేనికైనా ఖర్చు లెక్కే చూస్తారు" అంటుంది కోడలు. నిజమే. కానీ ఆ పొగ యంత్రంలో బోరు నీళ్ళు పోస్తే, నీళ్ళలో ఉన్న ఉప్పు తెల్లటి పొడిగా సామాన్ల మీద పడుతుంది. వారం వారం కడగకపోతే లోపల పాచి పట్టి, అదే గాలిలోకి వస్తుంది. యంత్రం పనికిరాదని నేను అనను. మూసిన గదిలో, కడిగే ఓపిక ఉన్నవాళ్ళకి బాగానే పనిచేస్తుంది. పైన చెప్పిన నాలుగూ చేసి చూసినాక కొనండి అంటాను. ఏసీ బకెట్టు నీళ్ళలో ఉప్పు ఉండదు కాబట్టి, ఆ నీళ్ళే యంత్రానికి, పళ్ళేలకి వాడమని చెప్పినాను. ఇప్పుడు అట్లాగే చేస్తోంది.

ఇంకో సంగతి. ఆకు కొస మాడిందంటే అది చెమ్మ లేకే అని తీర్మానం చెయ్యొద్దు. మా వైపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు మట్టిలో పేరుకున్నా కొసలు ఇట్లాగే మాడతాయి. కుండీ అంచున తెల్లటి చార కనిపిస్తే నేరం నీళ్ళది, గాలిది కాదు. వాన నీళ్ళు పట్టి పోయండి. వేళ్ళు కుళ్ళినా కొసలు మాడతాయి. ఆకు అడుగున సన్నటి సాలెగూడు మాదిరి ఉండి, ఆకు వెలిసిపోతుంటే ఎర్రనల్లి పట్టినట్టు. అది పొడిగాలిలో పెరిగే పురుగు. అప్పుడు మాత్రం ఆకు అడుగున నీళ్ళతో గట్టిగా కడగాల్సిందే. ముందు రోగం ఏదో తెలుసుకోండి, తర్వాత మందు.

అన్ని మొక్కలకీ ఈ సేవ అక్కర్లేదు కూడా. కలబంద, జేడ్, పాము మొక్క పొడిగాలిలోనే సుఖంగా ఉంటాయి. ఊరిని బట్టి కూడా ఉంటుంది. యానాం, బరంపురం వైపు ఉన్న మన వాళ్ళకి సముద్రపు చెమ్మ వద్దన్నా వస్తుంది, మా చెన్నై బంధువులకి కూడా. వాళ్ళు గాలి ఆడేటట్టు చూసుకుంటే చాలు. షోలాపూర్, బళ్ళారి వైపు ఎండాకాలం మా ఈరోడ్ కంటే కఠినం. షోలాపూర్‌లో మగ్గం తెలిసిన మన ఇళ్ళలో ఈ చెమ్మ సంగతి నేను చెప్పాల్సిన పనే లేదు. ఊరు ఏదైనా, ఇల్లంతా చెమ్మ చెయ్యాలని మాత్రం చూడొద్దు. ఇల్లంతా 60 దాటి రోజుల తరబడి నిలిస్తే గోడకి, బట్టలకి బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇబ్బంది. చెమ్మ మొక్కల మూలకి చాలు.

ఇంక నా తీగ సంగతి. మే, జూన్ రెండు నెలలు రిజిస్టర్ రాసి, మూల సిద్ధం చేసినాక, ఆడి 18 పండగ రోజు అక్క ఇంటికి పోయినాను. అక్క తన చేత్తో నాలుగు కణుపుల ముక్కలు మూడు కోసి, తడిగుడ్డ చుట్టి, అరటి పట్టలో పెట్టి ఇచ్చింది. పార్సెల్ గంప మాదిరే. సాయంత్రానికి ఇల్లు చేరి నాటి, క్యాను బోర్లించినాను. ఒకటి వారంలో పోయింది. ఇంకోటి ఇరవై రోజులకి పోయింది. అప్పటికి ఆవణి వచ్చేసింది. అక్క ఇల్లు పడగొట్టేశారు. మూడో ముక్కని నేను ముట్టుకోవడానికి కూడా భయపడినాను. మా ఇంటామె రోజూ క్యాను తీసి, పెట్టి చూసుకుంది. నలభై రోజులకి కణుపు దగ్గర గోరంత చిగురు. క్యాను తీసేసి, గోనెసంచి చుట్టిన కర్ర పాతి, ఆ గోనెని తడుపుతూ వచ్చినాము. తీగ తన వేళ్ళతో ఆ గోనెని పట్టుకుంది. అవిసె చెట్టు లేని చోట అదే దానికి అవిసె.

రెండేళ్ళయింది. ఇప్పుడు కిటికీ పైదాకా పాకింది. పోయిన తై నెలలో అక్క మనవరాలి నిశ్చితార్థం. పన్నెండు ఆకులు కోసి, తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయినాను. అక్క ఆకు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "అమ్మదేరా" అంది. ఇంకేమీ అనలేదు.

చివరగా సంఘం మనుషులకి ఒక మాట. తప్పైతే పెద్దలు క్షమించాలి. మన పిల్లలకి తెలుగు రావడం లేదని ప్రతి ఉగాదికీ స్టేజి ఎక్కి బాధపడతాం. ఆ ఒక్కరోజు పాటలు, పోటీలు, బహుమతులు. అది స్ప్రే కొట్టడం. నాకు అక్షరాలు రాకపోయినా మాట మిగిలింది ఎందుకంటే, ఇంట్లో అవ్వ తిట్టినా, అమ్మ అన్నానికి పిలిచినా తెలుగే. అది చెమ్మ. పండగ మానెయ్యమని కాదు. మిగిలిన 364 రోజులు పిల్లల చుట్టూ నాలుగు నోళ్ళు తెలుగు మాట్లాడుతున్నాయా అని మాత్రమే అడుగుతున్నాను. పక్కపక్క ఇళ్ళ పిల్లల్ని వారానికి ఒక సాయంత్రం ఒకచోట చేర్చి, ఊరికే ఆడుకోనిచ్చినా చాలు.

ఆ రోజు అడిగిన అమ్మాయికి: తల్లీ, స్ప్రే పక్కన పెట్టి ముందు మీటరు కొను. ఒక వారం రాసి నాకు పంపు. తర్వాత మొక్కలన్నీ ఒక మూలకి చేర్చు. నీకు తమలపాకు తీగ కావాలంటే పురట్టాసి వానలు పడనీ, మా ఇంటికి రా. కోసి, అరటి పట్టలో చుట్టి ఇస్తాను. ఒక్క ఇంట్లోనే ఉంటే అది ఎప్పుడూ ఆఖరి తీగే. నాలుగు ఇళ్ళలో ఉంటే నాకు నిద్ర పడుతుంది.